బఠాణీల లెక్క

ఒక ఊళ్లో ఒక పాత ఇల్లు అమ్మకానికి ఉంది. కొనేవాళ్లు వచ్చేవారు, చూసేవారు, లెక్క వేసుకునేవారు, వెళ్లిపోయేవారు.

ఇంటికి ఇదంతా అలవాటైపోయింది. వచ్చినవాళ్లు మొదట గుమ్మంలో నిలబడి బాగానే ఉందే అంటారు. లోపలికొచ్చి గోడ తడతారు, గోడ ఒక పెచ్చు రాల్చి వాళ్ల కాళ్ల దగ్గర పెడుతుంది. తలెత్తి చూస్తారు, పైకప్పులోంచి ఆకాశం వాళ్లను తొంగి చూస్తుంది. అంతే, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, మళ్లీ కబురు చేస్తామంటారు. ఆ కబురు ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. ఇల్లు సిగ్గుపడటం కూడా మానేసింది.

ఆ ఇంటికి తోడల్లా దూలం మీద కాపురముండే ఒక బల్లి. ఇంటి మాట మనుషులకు వినపడదు. బల్లి మాట మాత్రం వినడమే కాదు, నమ్ముతారు కూడా. ఎవరైనా ఏదైనా అంటున్నప్పుడు బల్లి పలికిందంటే ఆ మాట ఖాయమైనట్టే. చేతికందిన చెక్క మీద వేలితో టక్కుమని కొట్టి "సత్యం" అంటారు. తనకున్న ఈ గౌరవం సంగతి బల్లికి బాగా తెలుసు. అందుకే ఊరికే నోరు విప్పేది కాదు.

ఇంటి యజమానికి ఓపిక అయిపోయింది. పాత ఇళ్లు కూల్చే సమ్మెట మనిషిని పిలిచి మాట్లాడాడు. సమ్మెట మనిషికి ఇల్లు అక్కర్లేదు, ఇంట్లో ఉన్న ఇటుకలూ దూలాలూ కావాలి. ఇవాళ ఒక జంట చూడ్డానికి వస్తోందని, దీపాలు పెట్టే వేళకి వాళ్లు సరే అనకపోతే ఇల్లు అతనిదేనని యజమాని తేల్చి చెప్పాడు. తాళంచెవి గుమ్మానికి తగిలించి తన దారిన తాను పోయాడు. సమ్మెట మనిషి ఎదురింటి అరుగెక్కి, సమ్మెటను పక్కన పడుకోబెట్టి, తాంబూలం వేసుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

ఇల్లు ఆ సమ్మెట వంక చూసింది. "ఉండనీ, నన్నుండనీ," అని లోలోపల గొణుక్కుంటూ వణికింది. ఆ వణుకుకి ఒక పెంకు జారి పడింది.

"చూశావా," అంది బల్లి. "వణకడానికి కూడా నీకు స్తోమత లేదు."

ఆ జంట రానే వచ్చింది. అతను తిరునాళ్లలో రంగులరాట్నం తిప్పే మనిషి. ఆమె ఆ రాట్నం పక్కనే కూర్చుని బఠాణీలు వేయించి అమ్ముతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ తిరునాళ్ల నుంచి ఆ తిరునాళ్లకి బండిమీద తిరగడమే వాళ్ల కాపురం. ఈ మధ్య ఆమె ఒకే ఒక్క కోరిక కోరింది. ఇవాళ పొయ్యి వెలిగించిన చోటే రేపు కూడా పొయ్యి ఉండాలంది. ఆ మాట విన్న రాట్నం మనిషి మర్నాడు వెళ్లి రాట్నంలో సగం గుర్రాల్ని అమ్మేశాడు.

ఇంటి ధర ఒక మూటగా కట్టి విడిగా పెట్టుకున్నారు. ఆపైన మిగిలింది మరమ్మతులకని ఇంకో మూట కట్టారు. పెద్ద పెద్ద లెక్కలు ఇద్దరికీ రావు కాబట్టి బఠాణీలామె ఒక ఉపాయం పన్నింది. మిగిలిన వరహాలు ఎన్నో అన్ని బఠాణీలు ఒక సంచిలో పోసుకొచ్చింది. ఎక్కడ ఎంత ఖర్చవుతుందనిపిస్తే అక్కడ అన్ని బఠాణీలు పెట్టడం. ఇల్లంతా తిరిగొచ్చాక సంచి ఇంకా గలగలమంటే కొనడం, మూగబోతే బండెక్కడం. ఆ ఉపాయం చూసుకుని ఆమెకి కాస్త గర్వంగా కూడా ఉంది.

లోపలికెళ్లబోతుంటే సమ్మెట మనిషి అరుగుమీంచే పలకరించాడు.

"నిదానంగా చూసుకోండన్నా. అన్నీ లెక్కేసుకోండి. నాకేం తొందర్లేదు."

అతను మర్యాదస్తుడని ఇద్దరూ అనుకున్నారు.

ఇల్లు ఊపిరి బిగబట్టింది. పెళ్లిచూపులకి కూర్చోబెట్టిన పిల్లలాగా ఒళ్లంతా సర్దుకుంది. దాని నేల ఎన్నో ఏళ్లుగా వీధి గుమ్మం వైపు వాలిపోయి ఉంది. అది చూసే చాలామంది పారిపోయారు. ఇవాళ మాత్రం ఆ వాలు కనపడకూడదని నడుం బిగించి, నేలను ముక్కుతూ మూలుగుతూ ఎత్తి పట్టుకుంది. ఆ వయసులో అది చేయదగిన పని కాదు. అయినా ప్రాణం మీదికొచ్చినప్పుడు వయసు ఎవరికి గుర్తుంటుంది?

బఠాణీలామె మొదట తలెత్తింది. పైకప్పులోంచి ఆకాశం ఎప్పటిలాగే తొంగి చూసింది. ఇల్లు కళ్లు మూసుకుంది. ఇక చెప్పులు తొడుక్కుంటారనుకుంది.

ఆమె చెప్పులు తొడుక్కోలేదు. సంచిలోంచి రెండు దోసిళ్లు తీసి ఆ కంత కింద పోసింది. ఇది బాగైతే ఇక్కడ కూర్చుని వాన చూడొచ్చంది. వంటింట్లో పొయ్యి గట్టు పగిలి ఉంటే అక్కడొక గుప్పెడు పోసింది. రేపు ఇక్కడే అట్లు పోస్తానంది.

తన గురించి ఎవరైనా రేపటి మాట మాట్లాడటం ఇల్లు వినడం అదే మొదటిసారి.

లెక్క అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. రాట్నం మనిషి కిటికీ దగ్గర ఆగాడు. ఒక రెక్క ఊడి వేలాడుతోంది.

"ఎట్టాగూ పైకప్పు విప్పుతున్నాం కదే. పనిలో పనిగా ఈ కిటికీ కూడా మార్పించేద్దాం," అన్నాడు.

పనిలో పని. ఎంత చక్కని మాట! ఇంటికి ఒళ్లు పులకరించింది. కొత్త కిటికీ! వీధిలో పోయేవాళ్లంతా తలతిప్పి చూసే కిటికీ!

"బల్లీ, పలుకు," అంది.

"నువ్వు నిలబడ్డానికి కిటికీ ఎందుకు?"

"నిలబడ్డానికి కాదు. నాకు కావాలి."

బల్లి పలికింది. రాట్నం మనిషి చెక్క మీద టక్కుమనిపించి "సత్యం" అన్నాడు. కిటికీ గట్టుమీద గుప్పెడు బఠాణీలు పడ్డాయి.

ఇక పట్టపగ్గాల్లేవు. కిటికీ మారుస్తున్నాం కాబట్టి పనిలో పనిగా దానికి రంగుటద్దాలు. కిటికీకి అద్దాలొచ్చాక తలుపులు మాత్రం అలా కిర్రుమంటూ ఉంటే ఏం బాగుంటుంది, పనిలో పనిగా కొత్త తలుపులు. బల్లి పలికింది. సత్యం. తలుపులకి రంగేస్తాం కదా, ఆ చేత్తోనే గోడలకీ వేయిస్తే పోలా. ఏ రంగన్న దగ్గర కొంచెంసేపు పేచీ పడ్డారు. ఆమె పసుపంది, అతను ఆకుపచ్చన్నాడు. చివరికి పనిలో పనిగా రెండూ వేయిద్దామనుకున్నారు. బల్లి పలికింది. సత్యం.

ఇల్లు సిగ్గూ ఎగ్గూ వదిలేసింది. ఇన్నాళ్లూ దాచుకున్న లోపాలన్నీ ఒక్కొక్కటే తీసి చూపించసాగింది. గోడమీద పగులొకటి ఎవరికీ కనపడకుండా పాత పటం వెనక ఉండేది. పటాన్ని తనే కింద పడేసింది. వాళ్లు పెరటి గుమ్మంలోకి రాగానే అక్కడి గోడ రెండిటుకలు విదిల్చింది. అటకెక్కే మెట్లలో కాస్త గట్టిగా ఉన్నదాన్ని కూడా కావాలని కదిలించింది. వాళ్లు కూడా తక్కువ తినలేదు. మెట్టు మెట్టుకీ బఠాణీలు పేర్చారు. ఆమె ఇక్కడొక ఉయ్యాలంటే, అతను పైనొక మేడన్నాడు. మేడ మీద నిలబడితే మూడూళ్ల తిరునాళ్లు కనపడతాయన్నాడు. ఆమె గదుల్లో చిన్నపిల్లలా పరుగెత్తింది. ఇంటికి కళ్లు తిరుగుతున్నాయి. రంగుటద్దాలతో, పచ్చగోడలతో, నెత్తిన మేడతో తనని తాను ఊహించుకుని మురిసిపోతోంది. పలుకు బల్లీ, పలుకు. బల్లికి గొంతు బొంగురుపోయింది.

మేడకి గుప్పెళ్ల మీద గుప్పెళ్లు పోస్తూ బఠాణీలామె మళ్లీ సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి పొట్టు తగిలింది.

సంచి తిరగేసి దులిపింది. పొట్టే రాలింది. ఇంకా ఉయ్యాలకి పెట్టనే లేదు. వెనక గదిలోకి వెళ్లనే లేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎండ పక్క గోడెక్కి కూర్చుంది. ఇందాకటి సంబరమంతా ఏమైపోయిందో తెలీలేదు. రాట్నం మనిషి గొంతు సవరించుకుని, మిగతా గుర్రాలు కూడా అమ్మేద్దామన్నాడు. గుర్రాల్లేని రాట్నం ఉట్టి కర్ర కదా, అది తిప్పితే ఎవరెక్కుతారు, మనం ఏం తింటామని ఆమె అడిగింది. ఆమె కళ్లు తుడుచుకోవడం చూసి ఇల్లు గతుక్కుమంది. కిటికీ కావాలన్నప్పుడు దానికి ఈ గుర్రాల సంగతి తట్టనేలేదు.

"పోదాం పదవే," అన్నాడతను. "ఈ ఇల్లు మనవల్ల అయ్యేది కాదు."

బల్లి పలికింది.

అతను దిగాలుగా వెనక గది తలుపు మీద టక్కుమనిపించాడు. "సత్యం."

"ఏం చేశావే!" అంది ఇల్లు. "ఇప్పుడెందుకు పలికావు?"

బల్లి నాలుక కరుచుకుంది. "పొద్దుట్నుంచీ పలుకుతూనే ఉన్నాను కదా. పనిలో పనిగా పలికేశాను."

అరుగుమీద సమ్మెట మనిషి లేచి నిలబడ్డాడు. పంచె దులుపుకుని సమ్మెట అందుకున్నాడు. వీధి చివర ఎవరింట్లోనో అప్పుడే దీపం వెలిగింది.

ఇల్లు ఏడవాలనుకుంది, కాని దానికీ ఓపిక లేదు. పొద్దుట్నుంచీ నేలను ఎత్తి పట్టుకుని నడుం పడిపోయింది. ఇక ఎవరికోసం దాచాలి? అయ్యిందేదో అయ్యిందనుకుని బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలేసింది.

నేల తన పాత వాలులోకి జారిపోయింది.

మొదట వంటింట్లో ఒక బఠాణీ కదిలింది. దాని వెనక ఇంకోటి. కిటికీ గట్టుమీంచి గుప్పెడు దూకాయి. మెట్ల మీద పేర్చినవి మెట్టు మెట్టూ ఎగురుకుంటూ దిగొచ్చాయి. పైకప్పువీ, తలుపులవీ, పసుపు రంగువీ, ఆకుపచ్చ రంగువీ, కట్టని మేడవీ, అన్నీ కలిసి జడివానలా చప్పుడు చేస్తూ వీధి గుమ్మం వైపు పరుగందుకున్నాయి.

"అయ్యో, వీధిలో పడిపోతున్నాయి మావా!"

బఠాణీలామె పరుగున వెళ్లి గడపకి అడ్డంగా కూలబడి కొంగు పరిచింది. రాట్నం మనిషి వాటి వెంట పరుగెత్తి, కాలికింద బఠాణీలు పడి, దభీమని కూర్చుండిపోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారాడు. వెనక గది గుమ్మం దగ్గర మొదలెట్టి, నడవ దాటి, బఠాణీల మీద సర్రున వచ్చి ఆమె పక్కన ఆగాడు.

ఆమె కంగారుపడి దెబ్బ తగిలిందా అని అడిగింది. అతను ఊళ్లో వాళ్లందర్నీ ఎక్కించి తిప్పినవాడే గాని, తిప్పేవాడు ఇంకోడు లేక, తానెప్పుడూ రాట్నం ఎక్కిన పాపాన పోలేదు. అతని మొహంలోకి మెల్లగా ఒక నవ్వు వచ్చింది. లేచి, వెనక గది దాకా నడిచి, మళ్లీ జారి వచ్చాడు.

ఆమె పకపకా నవ్వింది. నవ్వు ఆగాక నేల వంక చూసి ఉసూరుమంది.

"ఇంత వాలుంది మావా. ఈ నేల సంగతి మనం లెక్కలోనే వేయలేదు. దీనికెన్ని పెట్టాలో ఏమో."

"దీనికేం పెట్టకు," అన్నాడతను. "ఉండనీ."

దూలం కిర్రుమంది. అది ఇల్లు ఉలిక్కిపడిన చప్పుడని వాళ్లకి తెలీదు.

కొంగు నిండా బఠాణీలు. ఏది దేనికి పెట్టిందో ఇప్పుడెవరు చెప్పగలరు? పొద్దుట్నుంచీ ఇద్దరూ ఏమీ తినలేదు కూడా. ఆమె పరధ్యానంగా ఒకటి నోట్లో వేసుకుంది.

"అది దేనిదే?" అన్నాడతను.

ఆమె నమలడం ఆపి ఆలోచించింది. "కిటికీది."

"మరి కిటికీ?"

"ఉండనీ మావా. ఒక రెక్క ఉందిగా."

అతను ఒకటి తీసుకుని తలుపుదన్నాడు. తలుపు కిర్రుమంటే ఎవరొచ్చారో తెలుస్తుంది, ఉండనీ అని నోట్లో వేసుకున్నాడు. రంగుటద్దాలు కరకరలాడాయి. పెరటి గోడను ఇద్దరూ చెరి సగం తిన్నారు. రంగులు తినేటప్పుడు పేచీ రాలేదు, ఆమె ఆకుపచ్చ తింది, అతను పసుపు తిన్నాడు. లోకంలో తిన్నకొద్దీ మిగిలే సొమ్ము ఉందంటే అదే. వాళ్లు నమిలిన ప్రతి బఠాణీకీ ఒక వరహా మరమ్మతుల మూటలోనే భద్రంగా ఉండిపోతోంది.

ఒక్కో ఉండనీకి ఇంటికి ప్రాణం ఉసూరుమంటోంది. పోయింది కిటికీ, పోయాయి అద్దాలు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ మళ్లీ చెవిన పడుతుంటే దానికి తెలిసొచ్చింది. పొద్దుట్నుంచీ సమ్మెట వంక చూస్తూ తాను లోలోపల గొణుక్కుంటున్న మాటా ఇదే. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లెవరూ అనని మాటా ఇదే. కిటికీ పోయినందుకు దుఃఖపడాలో, ఆ మాట విన్నందుకు సంతోషపడాలో తెలీక ఇల్లు రెండూ ఒకేసారి పడింది.

సమ్మెట మనిషి గుమ్మం ముందుకొచ్చి ఆగాడు. గుమ్మానికి అడ్డంగా ఇద్దరు కూర్చుని నములుతున్నారు.

"లెక్క తేలిందా అన్నా?" అన్నాడు.

రాట్నం మనిషి నోటినిండా మెట్లున్నాయి. అందుకని బఠాణీలామె ఒక దోసెడు తీసి సమ్మెట మనిషి చేతిలో పోసింది.

"ముందు ఇది తినన్నా."

అతను తిన్నాడు. బాగా వేయించారన్నాడు. ఇంతకీ ఏంటివి అని అడిగాడు.

"మేడ," అందామె.

కట్టని మేడను కూల్చడం సమ్మెట మనిషికి అదే మొదటిసారి.

దోసెడు అయిపోయాక మళ్లీ చెయ్యి చాచాడు. ఈసారి ఆమె కొంగు మూసేసింది. అందులో మిగిలినవి సుమారు రెండు దోసిళ్లూ ఒక గుప్పెడూ ఉంటాయేమో.

"ఇవి పైకప్పువి, పొయ్యివి. ఇవి ఎవరూ తినకూడదు," అంటూ వాటిని కొంగున ముడి వేసుకుంది. మరమ్మతుల మూటలో ఉన్న వరహాలకీ ఆ ముడికీ మధ్య ఎంత తేడా ఉందో తలుచుకుంటే ఆమెకే నవ్వొచ్చింది. ఆ మిగులుతో అమ్మిన గుర్రాల్లో ఒకటైనా తిరిగి కొనొచ్చు.

తర్వాత ఆమె లేచి, బండిలోంచి దీపం తెచ్చి, వెలిగించి గడప పక్కన పెట్టింది. ఇక్కడే ఉందామంది.

ఇల్లు బల్లికి ఏమీ చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది. బల్లి తనంతట తానే, బొంగురు గొంతుతో, పలికింది. ఆమె గడప మీద టక్కుమనిపించింది, అతను తలుపు మీద, సమ్మెట మనిషి అలవాటుగా సమ్మెట కర్ర మీద. ముగ్గురూ సత్యం అన్నారు. అన్నాక గాని సమ్మెట మనిషికి తాను దేనికి ఒప్పుకున్నాడో అర్థం కాలేదు.

వానలకి ముందే పైకప్పు పని మొదలైంది. పుచ్చిన వాసాలు ఊడదీయడానికి సమ్మెట మనిషినే పిలిచారు. అతను నిచ్చెనెక్కి పెంకులు దించాడు, వాసాలు మార్చాడు. కింద వంటింట్లో కొత్త గట్టు మీద బఠాణీలు వేగుతున్నాయి. నడవలో రాట్నం మనిషి తిరిగి కొన్న కొయ్యగుర్రానికి చక్రాలు బిగిస్తున్నాడు. దాన్ని వెనక గది గుమ్మం దగ్గర పెట్టి వదిలితే ఎవరూ తోయకుండానే వీధి గుమ్మం దాకా వస్తుంది. వీధిలో సగంమంది పొద్దున్నే వచ్చి దాన్నెక్కడానికి వరసలో నిలబడుతున్నారు.

పైకప్పు పూర్తయ్యాక సమ్మెట మనిషి నిచ్చెన దిగుతూ మధ్యలో ఆగాడు. కిటికీ అతని మొహానికి ఎదురుగా ఉంది. ఊడిన రెక్క గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

"నిచ్చెన ఎట్టాగూ వేశాం కదన్నా," అన్నాడు. "పనిలో పనిగా ఈ కిటికీ కూడా మార్చేయనా?"

వంటింట్లో గరిటె ఆగింది. నడవలో చక్రం ఆగింది. దూలం మీద బల్లి నోరు తెరిచి ఇంటి వంక చూసింది.

"పలకనా?"

ఇల్లు కిటికీ వంక చూసుకుంది. ఆశ చావలేదు. రంగుటద్దాలు ఇంకా దాని కళ్లల్లో మెరుస్తూనే ఉన్నాయి. అది వీధి వంక చూసింది, వరసలో నిలబడ్డ జనం వంక చూసింది, చక్రాల గుర్రం వంక చూసింది. అప్పుడు, అడిగింది బల్లి అన్న సంగతి కూడా మరిచిపోయి, గోడలదిరేలా పెద్దగా అంది.

"ఉండనీ."

ఈసారి ఆ మాట మనుషులకీ వినపడింది. అది బఠాణీలామె అందని రాట్నం మనిషి అనుకున్నాడు. అతనన్నాడని ఆమె అనుకుంది. సమ్మెట మనిషి సరేనని నిచ్చెన దిగాడు.